డి సికా రోమ్: ఐదు గంటల వాకింగ్ టూర్, నేనూ మా నాన్నా

నేను రోమ్‌లో ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. ఇంటికి ఎవరొచ్చినా కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ తిప్పి పంపిస్తుంటాను. 2024 అక్టోబరులో మా నాన్న నెల రోజులు ఉండడానికి వచ్చినప్పుడు అవన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి. ఆయన కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. విగ్రహాల ముందు రెండు నిమిషాలు కూడా నిలబడరు గానీ, సందులో ఎవరో తలుపు రిపేరు చేస్తుంటే అరగంట చూస్తారు. ఆయనకి నచ్చేదేదైనా ఉందా అని వెతుకుతుంటే ఈ టూర్ కనిపించింది. విత్తోరియో డి సికా అనే ఇటాలియన్ డైరెక్టర్ సినిమాలు తీసిన వీధుల్లో నడిపిస్తూ ఆయన జీవితం చెబుతారట. మనిషికి 40 యూరోలు. ఆదివారాలు మాత్రమే. పొద్దున తొమ్మిదికి మొదలై రెండింటికి అయిపోతుంది. చిన్న సంస్థ, ముగ్గురే నడుపుతున్నారు.

డబ్బు కట్టిన మర్నాడే మెయిల్ వచ్చింది. వచ్చేముందు రెండు సినిమాలు చూసి రమ్మని అందులో రాశారు. ఒకటి 1948లో వచ్చిన 'లాద్రి ది బిచిక్లెత్తె', అంటే 'సైకిల్ దొంగలు'. పోస్టర్లు అంటించే పనికి కావాల్సిన సైకిల్ పోతే, ఆంతోనియో కొడుకు బ్రూనోని వెంటబెట్టుకుని దాన్ని వెతికే కథ. రెండోది 1952 నాటి 'ఉంబెర్తో డి'. ఈ మెయిల్‌ని తేలిగ్గా తీసుకోకండి. మా గుంపులో తొమ్మిది మందిమి ఉంటే ఇద్దరు ఏమీ చూడకుండా వచ్చారు. పాపం, వాళ్ళకి ఐదు గంటలూ అది మామూలు వీధుల నడకే అయింది. మేం శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం రాత్రి ఒకటి చూశాం. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నాన్నకి వేగంగా వెళ్ళిపోతాయి కాబట్టి పక్కన కూచుని నేనే తెలుగులో చెప్పాను. సగం అయ్యాక "నువ్వు ఆపరా, నాకు అర్థమవుతోంది" అన్నారు.

ఆదివారం తొమ్మిదికి యోనియో మెట్రో స్టేషన్ బయట కలిశాం. గైడ్ అరవై దాటిన ఆవిడ, బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారట. చేతిలో టాబ్లెట్, మెడలో చిన్న మైకు. మాకందరికీ చెవుల్లో పెట్టుకునే రిసీవర్లు ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషు నిదానంగా, విడివిడిగా ఉంటుంది. నాన్నకి ఆవిడ మాట నా మాట కంటే బాగా అర్థమైందని తర్వాత చెప్పారు.

మొదటి చోటు వాల్ మెలాయినా. సినిమాలో ఆంతోనియో కుటుంబం ఉండేది ఇక్కడే. 1930లలో ఊరి చివర కట్టిన పెద్ద పెద్ద ఇళ్ళ సముదాయం అది. సినిమాలో వాటి చుట్టూ మట్టి తప్ప ఏమీ లేదు. ఆంతోనియో భార్య వీధి కుళాయి దగ్గర రెండు బకెట్లు నింపుకుని మోసుకెళ్తుంటుంది. ఇప్పుడు ఆ బ్లాకుల ముందు కార్లు పెట్టడానికి కూడా చోటు లేదు. బాల్కనీల్లో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గైడ్ టాబ్లెట్‌లో ఆ సీను ఫొటో చూపించి, మమ్మల్ని ఒక్కొక్కరినీ కెమెరా ఉండిన దిక్కుగా నిలబెట్టారు. అప్పుడు అర్థమైంది, అంత పెద్ద గోడ ముందు ఆ మనిషి ఎంత చిన్నగా కనిపించాడో. దుప్పట్లు చూడగానే నాన్న గుర్తు చేశారు: "సైకిల్ విడిపించడానికి తాకట్టు పెట్టింది దుప్పట్లే కదరా." అవును. ఆ తాకట్టు కొట్లో పనివాడు దుప్పట్ల మూట పట్టుకుని అరలు ఎక్కుతూ పోతాడు. పైకి పోయేకొద్దీ ఇంకా ఇంకా మూటలు. ఊరు ఊరంతా దుప్పట్లు తాకట్టు పెట్టిందని మాట లేకుండా చెప్పేశాడు డి సికా.

అయితే గైడ్ ఇక్కడ సినిమా కథ మొదలుపెట్టలేదు. నాకు ఈ టూర్‌లో బాగా నచ్చింది అదే. ఆవిడ టాబ్లెట్‌లో ముందు ఒక అందగాడి ఫొటో చూపించారు. నున్నగా దువ్విన జుట్టు, పక్కకి వంచిన నవ్వు. అది 1932 నాటి డి సికా. అప్పటికి డైరెక్షన్ ఊసే లేదు, ఆయన సినిమా హీరో. సోరా అనే చిన్న ఊళ్ళో 1901 జులై 7న పుట్టాడు. తండ్రి పేరు ఉంబెర్తో, బ్యాంకు గుమాస్తా. కొడుకు చదివింది అకౌంట్స్. 1917లో ఒక మూకీలో చిన్న వేషం వేశాడు గానీ నటన పట్టుబడింది 1923లో తాత్యానా పావ్లోవా నాటక కంపెనీలో చేరాక. ఆ తర్వాత మారియో కమెరీని తీసిన 1932 సినిమాలో కారు డ్రైవర్ వేషం వేసి, 'పర్లామి దమోరె, మరియూ' అని ఒక పాట పాడాడు. ఇటలీ అంతా ఆ పాటే. గైడ్ ఫోన్లో రెండు చరణాలు వినిపించారు. బాల్కనీలో బట్టలు తీస్తున్న ఒకావిడ మూడో లైను అందుకుని పాడి లోపలికి వెళ్ళిపోయింది. తొంభై ఏళ్ళ నాటి పాట.

నాన్న ఆశ్చర్యపోయారు. "అంత సోగ్గాడు ఇంత బీద సినిమా తీశాడా?" టూర్ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. గైడ్ జవాబు ఏమిటంటే, డి సికాలు ఇద్దరు. ఒకరు జనాన్ని నవ్వించి డబ్బు సంపాదించేవాడు, ఇంకొకరు ఆ డబ్బుతో బీదవాళ్ళ సినిమాలు తీసేవాడు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు. రోజు గడిచేకొద్దీ ఇంకా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకో పాంథియాన్ (పాత రోమన్ల నాటి గుడి) దగ్గర చెబుతాను.

యోనియో నుంచి మెట్రోలో తెర్మినీకి వచ్చి, అక్కడ 'A' లైనుకి మారి వెంటనే వచ్చే విత్తోరియో ఇమాన్యువెలె స్టేషన్లో దిగాలి. ఇక్కడ ఒక విషయం. టికెట్లు టూర్ ధరలో లేవు. యూరోన్నర టికెట్ వంద నిమిషాలు పనిచేస్తుంది గానీ దాని మీద మెట్రో ఒక్కసారే ఎక్కాలి. ఈ టూర్‌లో మెట్రో రెండుసార్లు ఎక్కుతాం కాబట్టి మనిషికి రెండు టికెట్లు కొనుక్కోండి. ఇది మెయిల్లో రాయలేదు. మా గుంపులో ఒక జంట గేటు దగ్గర ఆగిపోయి, మిషన్ దగ్గర వరసలో నిలబడి, పది నిమిషాలు అందరినీ ఆపారు. మెట్రో శబ్దంలో రిసీవర్లు కూడా సరిగా పనిచేయలేదు. ఆవిడ చెబుతున్న రచయిత జవత్తినీ కథ సగం పోయింది. మళ్ళీ చెప్పమని నేనే అడిగి చెప్పించుకున్నాను. మీరూ మొహమాటపడకుండా అడగండి.

చెసరె జవత్తినీ రచయిత. 1935లో కమెరీని తీసిన 'దరో ఉన్ మిలియోనె' సినిమాకి అతను రాశాడు, డి సికా నటించాడు. పరిచయం అక్కడే. డి సికా 1940లో డైరెక్టరయ్యాడు. మొదట్లో తీసినవి తేలికపాటి కామెడీలు. 1943లో జవత్తినీతో కలిసి 'ఇ బంబీని చి గ్వార్దనో' తీశాడు. 'పిల్లలు మనల్ని చూస్తున్నారు' అని దాని అర్థం. తల్లి ఇల్లు వదిలి వెళ్తుంటే నాలుగైదేళ్ళ పిల్లాడు చూస్తుండే కథ. ఆ పిల్లాడి చూపే ఐదేళ్ళ తర్వాత సైకిల్ సినిమాలో బ్రూనో చూపైందని నా అభిప్రాయం. జర్మన్లు రోమ్‌ని ఆక్రమించినప్పుడు, వెనిస్‌కి తరలిపోయిన ఫాసిస్టు సినిమా పరిశ్రమలో చేరమని ఒత్తిడి వస్తే, వాటికన్ వాళ్ళ సినిమా ఒకటి చేస్తున్నానని తప్పించుకున్నాడు. మిత్రసేనలు వచ్చేదాకా ఆ షూటింగ్‌ని సాగదీశాడు. దాక్కోవాల్సిన మనుషులు ఎంతోమంది ఆ షూటింగ్ పేరు చెప్పుకుని బతికారు. ఈ కథ మెట్రో శబ్దంలో పోవాల్సింది కాదు. దయచేసి దీన్ని ప్లాట్‌ఫాం మీదే చెప్పమని సంస్థకి రాశాను.

పియాజ్జా విత్తోరియో ఇప్పుడు చెట్ల నీడలో పెద్ద పార్కు. అక్కడి బజారు, పక్కనున్న పాత సైనిక బ్యారక్‌లలోకి మారిపోయింది. సినిమాలో మాత్రం ఆదివారం పొద్దున ఇక్కడే సైకిల్ భాగాల సంత. ఒకచోట టైర్లు, ఒకచోట బెల్లులు, ఒకచోట పంపులు. ఆంతోనియో సైకిల్ ఫిదెస్ కంపెనీది, 1935 మోడల్. ఫిదెస్ అంటే లాటిన్‌లో నమ్మకం అని గైడ్ చెప్పారు. ఒకడు ఫ్రేముకి రంగు వేస్తుంటే ఆంతోనియో అనుమానపడి పోలీసుని పిలుచుకొస్తాడు. రంగు కింద నంబరు చూస్తే అది వేరేది. ఈ సీను చెబుతుండగా నాన్న నన్ను పక్కకి లాగి, "నంబరు సీటు కింద గొట్టం మీద ఉంటుంది, లేకపోతే పెడళ్ళ దగ్గర అడుగున ఉంటుంది" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్ళారు. గైడ్‌కి ఈ మాట చెప్పాను. ఆవిడ నాన్నని ముందుకి పిలిచి, అక్కడ గొలుసుతో కట్టేసి ఉన్న ఒక సైకిల్ దగ్గర చూపించమన్నారు. నాన్న మోకాళ్ళ మీద కూచుని, పెడళ్ళ అడుగున మసి వేలితో తుడిచి, నంబరు చదివారు. తొమ్మిది మందీ వంగి చూశారు. ఆ తర్వాత ఆయన ఎవరి పక్కనైనా చనువుగా నడిచారు.

మళ్ళీ మెట్రో. బర్బెరీనిలో దిగి ట్రిటోన్ వీధిలోకి. దొంగతనం జరిగేది ఈ చుట్టుపక్కలే. ఆంతోనియో హాలీవుడ్ నటి రీటా హేవర్త్ సినిమా పోస్టర్ అంటిస్తుంటాడు. దొంగ సైకిల్ ఎక్కి పోతాడు. వెంటపడితే సొరంగం వస్తుంది. ఆ సొరంగం, త్రాఫొరో ఉంబెర్తో, ఇప్పటికీ అలాగే ఉంది, బస్సులు పోతుంటాయి. మూతి దగ్గర నిలబడితే లోపలి హోరు గుండెకి తగులుతుంది. గైడ్ ఇక్కడ సెల్జ్‌నిక్ కథ చెప్పారు. సైకిల్ సినిమాకి ఇటలీలో డబ్బు పుట్టని రోజుల్లో హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ముందుకొచ్చాడు. ఒకే షరతు, హీరో క్యారీ గ్రాంట్ కావాలి. డి సికా హెన్రీ ఫోండాని అడిగి చూశాడు, కుదరలేదు. చివరికి బ్రెదా ఫ్యాక్టరీ కార్మికుడు లాంబెర్తో మజ్జోరానీ ఆ వేషం వేశాడు. అతను వచ్చింది తన కొడుకుని పిల్లాడి వేషానికి చూపించడానికి. డి సికా కళ్ళు కొడుకు మీద కాకుండా తండ్రి మీద పడ్డాయి. బ్రూనోగా వేసిన ఎన్జో స్తయోలా అయితే షూటింగ్ చూడ్డానికి గుంపులో నిలబడ్డ పిల్లాడు. సినిమా అయ్యాక మజ్జోరానీ ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. ఇంకో మంచి వేషం కూడా అంత త్వరగా రాలేదు. పనిలేనివాడిగా వేసినవాడికి నిజంగానే పనిలేకుండా పోయింది. సొరంగం మూతి దగ్గర గైడ్ ఈ మాట చెప్పి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. బస్సులు పోతూనే ఉన్నాయి.

అక్కడినుంచి పాంథియాన్‌కి పదిహేను నిమిషాల నడక. లోపలికి వెళ్ళడం టూర్‌లో లేదు (మేం వెళ్ళినప్పుడు టికెట్ 5 యూరోలు). మేం స్తంభాల ఎదురుగా, ఫౌంటెన్ మెట్ల మీద కూచున్నాం. జనం విపరీతం. అయినా ఈ టూర్‌లో మేం ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే, ఉండాల్సింది కూడా ఇక్కడే.

'ఉంబెర్తో డి' రిటైరైన ప్రభుత్వోద్యోగి కథ. పింఛను చాలదు, అద్దె బాకీ ఉంది, ఇంటావిడ గెంటేస్తానంటోంది. ఆయనకి ఉన్నది ఫ్లైక్ అనే కుక్కపిల్ల ఒక్కటే. ఉంబెర్తోగా వేసింది కార్లో బత్తిస్తీ, ఫ్లోరెన్స్‌లో భాషాశాస్త్రం ప్రొఫెసర్. ఈ స్తంభాల దగ్గర ఆయన అడుక్కోవడానికి నిలబడతాడు. గైడ్ ఆ సీను టాబ్లెట్‌లో పెట్టి చేతికిచ్చారు. నాన్నా నేనూ తలా ఒక అంచు పట్టుకున్నాం.

ముందు చెయ్యి చాపి అలవాటు చేసుకుంటాడు. సగం చాపుతాడు, వెనక్కి లాక్కుంటాడు. దారినపోయే పెద్దమనిషి ఒకడు ఆగి జేబులో చెయ్యి పెడతాడు. సరిగ్గా అప్పుడు ఉంబెర్తో అరచెయ్యి బోర్లా తిప్పేస్తాడు, వాన చినుకులు పడుతున్నాయేమో చూస్తున్నట్టు. పెద్దమనిషి వెళ్ళిపోతాడు. తర్వాత టోపీ తీసి కుక్క నోటికిచ్చి, దాన్ని వెనక కాళ్ళ మీద నిలబెట్టి, తను స్తంభం చాటుకి పోతాడు. తెలిసినవాడొకడు వచ్చి కుక్కని గుర్తుపడతాడు. ఉంబెర్తో చాటు నుంచి వచ్చి, అది ఆడుకుంటోంది అన్నట్టు మాట్లాడతాడు.

నాన్న వీడియో ఆపి, వెనక్కి జరిపి, చెయ్యి తిప్పిన చోట మళ్ళీ చూశారు. మూడుసార్లు చూశారు. "టై కట్టుకున్నాడు చూడు. ఆ టై ఉన్నంతసేపూ చెయ్యి చాపలేడు" అన్నారు.

గైడ్‌తో నాకు పేచీ వచ్చింది ఇక్కడే. డి సికాలు ఇద్దరుంటే ఈ సీను ఎవరు తీసినట్టు? ఇది కామెడీ కొలతతో కట్టిన సీను. చెయ్యి చాపడం, డబ్బు రావడం, చెయ్యి తిరగబడడం, కుక్క, టోపీ, చాటు నుంచి బయటికి రావడం. ఒక్క సెకను అటూ ఇటూ అయినా పండదు. ఆ సమయం తెలిసినవాడు 1930లలో టోపీ ఎత్తి నమస్కారం పెట్టి ఆడవాళ్ళని నవ్వించిన ఆ సోగ్గాడే. నటన తెలియనివాళ్ళ చేత అంత బాగా చేయించగలిగాడంటే, ప్రతి కదలికా ముందు తను చేసి చూపించగలడు కాబట్టి. మర్యాద అంటే ఏమిటో, చొక్కా కాలరు ఎలా ఉండాలో తెలిసినవాడికే ఆ మర్యాద పోయే క్షణం కూడా తెలుస్తుంది. ఇదంతా గైడ్‌కి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ శ్రద్ధగా విన్నారు. ఈ సినిమాని డి సికా తన తండ్రికి అంకితం ఇచ్చాడని అప్పుడే చెప్పారు. తండ్రి పేరే సినిమా పేరు. బ్యాంకు గుమాస్తా. నేను తెలుగులో చెప్పగానే నాన్న తలూపారు.

సినిమాకి ఇటలీలో డబ్బు రాలేదు. దేశం పరువు తీస్తున్నాడని కోపం కూడా వచ్చింది. అప్పుడు సినిమాల వ్యవహారాలు చూసే ఉపమంత్రి జూలియో ఆంద్రియోత్తి 1952లో డి సికాని తప్పుపడుతూ పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. ఆయనే తర్వాత ఏడుసార్లు ప్రధాని అయ్యాడు. బయటి లోకం మాత్రం ఇంకోలా చూసింది. 1946 నాటి 'షూషా'కి, ఆ తర్వాత సైకిల్ సినిమాకి హాలీవుడ్ ప్రత్యేక ఆస్కార్లు ఇచ్చింది. 1950లో లండన్‌లో సైకిల్ సినిమా చూసి సత్యజిత్ రాయ్ తన మొదటి సినిమా ఎలా తీయాలో తేల్చుకున్నాడు. ఈ సంగతి గైడ్‌కి తెలుసు, మా ఇద్దరి వైపు తిరిగి మరీ చెప్పారు.

ఇంకొక్క మాట. 'ఉంబెర్తో డి'లోనే పనిపిల్ల పొద్దున్నే లేచి వంటింట్లోకి వచ్చే సీను ఉంది. మరియా పియా కసీలియో వేసింది. అగ్గిపుల్ల గోడకి గీస్తుంది, గోడ మీది చీమల్ని నీళ్ళతో తరుముతుంది, కాఫీ గింజలు మర పడుతూ కూచుని కాలు చాపి కాలివేలితో తలుపు మూస్తుంది. కళ్ళల్లో నీళ్ళు. ఒక్క మాట లేదు. టూర్‌లో ఈ సీను ఊసే లేదు, ఎందుకంటే వంటింటికి ఎవరినీ తీసుకెళ్ళలేరు. టాబ్లెట్‌లోనైనా చూపించాలి. అది చూపించకపోతే డి సికా సగమే చూపించినట్టు.

తర్వాత వియా ది పానికో. సైకిల్ సినిమాలో దొంగ ఉండే పేట. ఇరుకు సందు, ఇప్పుడు రెండు పక్కలా మంచి కొట్లు. సినిమాలో ఇక్కడే దొంగ మూర్ఛ వచ్చి పడిపోతాడు, పేటంతా ఆంతోనియో మీదికి వస్తుంది. పోలీసు దొంగ ఇల్లు వెతికితే ఒకటే గది, సైకిల్ లేదు. అప్పుడు నాన్న అడిగారు: "దొంగ ఒక్కడే కదా, పేరు 'దొంగలు' అని ఎందుకు?" గైడ్ ముఖం వెలిగిపోయింది. ఇటాలియన్‌లో బహువచనమే. అమెరికావాళ్ళు మొదట ఇంగ్లీషులో ఏకవచనం చేసి పాడుచేశారట. దాని జవాబు చివరి సీనులో ఉందని ఆవిడ అన్నారు.

అక్కడినుంచి నది దాటి త్రాస్తెవరె పేట మీదుగా పోర్తా పోర్తెసె అనే పాత నగర ద్వారం దాకా నడక. రెండున్నర కిలోమీటర్లకి తగ్గదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. మధ్యలో బాత్రూం కోసం ఆగింది ఒకే ఒక్క కఫేలో, అదీ నేను అడిగితే. నాన్నకి 68, ఆయన నడిచారు గానీ చివర్లో వేగం తగ్గింది. ఆదివారం సంత నిండా బట్టలు, పాత బూట్లు, తాళాలు, గ్రామఫోన్ రికార్డులు. సినిమాలో ఇక్కడే వాన కురుస్తుంది, తండ్రీకొడుకులు గోడకి ఆనుకుని నిలబడతారు, పక్కన పొడుగు అంగీల్లో కుర్ర మతగురువులు జర్మన్‌లో గలగలా మాట్లాడుకుంటుంటారు. వాళ్ళలో ఒకడు సెర్జియో లియోనె, తర్వాత కౌబాయ్ సినిమాలు తీసినవాడు. ఆ ద్వారం పక్కనే పొడుగ్గా ఉన్న సన్ మికెలె భవనంలో ఒకప్పుడు పిల్లల జైలు ఉండేది. బూటు పాలిష్ పిల్లలు జైల్లో పడే 'షూషా' కథని గైడ్ దాని గోడ పక్కన నిలబడి చెప్పారు. గుర్రం కొనుక్కోవాలని ఆశపడ్డ ఇద్దరు పిల్లలు. ఇది చాలా బాగా చెప్పారు.

డి సికా మిగతా ఇరవై రెండేళ్ళ జీవితాన్ని మాత్రం పావుగంటలో, సంత గోలలో ముగించేశారు. ఇది టూర్‌లో పెద్ద లోపం. 1953లో తెర్మినీ స్టేషన్లోనే సెల్జ్‌నిక్ డబ్బుతో తీసిన సినిమా ఉంది. పొద్దున మేం ఆ స్టేషన్లోనే లైను మారాం, ఒక్క మాట చెప్పలేదు. 1954లో 'లోరో ది నాపొలి', అందులో సోఫియా లారెన్ పిజ్జా అమ్ముతుంది. 1960లో 'లా చొచారా', దానికి లారెన్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఆ బహుమతి తెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. 1963లో 'యెరి, ఒజ్జి, దొమాని'. 1970లో 'ఇల్ జర్దీనో దెయ్ ఫింజి కొంతీని', యూదు కుటుంబం కథ, దానికి బెర్లిన్ గోల్డెన్ బేర్, ఆ తర్వాత ఆస్కార్. మొత్తం నాలుగు ఆస్కార్లు. 1974 నవంబరు 13న పారిస్ దగ్గర ఆస్పత్రిలో చనిపోయాడు. ఇవన్నీ పేర్లుగా చదివేశారు.

నటుడి సంగతి ఇంకా తక్కువ. కామెడీల్లో పోలీసు అధికారిగా, దొరబాబుగా ఎన్ని వేషాలో. ఆయనకి జూదం పిచ్చి, క్యాసినోల్లో పోగొట్టుకున్నది తిరిగి సంపాదించడానికి వచ్చిన వేషమల్లా వేసేవాడు. గైడ్ ఇది కొంచెం సిగ్గుపడుతున్నట్టు చెప్పారు. సిగ్గెందుకు? 'లోరో ది నాపొలి'లో ఆయనే జూదం పిచ్చి ఉన్న కౌంట్‌గా వేసి, కాపలావాడి కొడుకు చేతిలో పేకాటలో ఓడిపోతాడు. తన జబ్బుని తనే తెర మీద పెట్టుకున్నాడు. 1959లో రోసెల్లీని తీసిన 'ఇల్ జనరాలె దెల్లా రోవెరె'లో కూడా జూదగాడు, మోసగాడు. జర్మన్లు అతన్ని జైల్లో ఒక వీరుడిలా నటించమంటారు. నటిస్తూ నటిస్తూ నిజంగా వీరుడిగా చచ్చిపోతాడు. ఆ సినిమాకి వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. డి సికా ఇద్దరా ఒక్కడా అనే మా పేచీకి దీనికంటే సాక్ష్యం ఏం కావాలి? దాని పేరు ఒక్కసారి వచ్చి పోయింది.

రెండింటికి టూర్ అక్కడే అయిపోయింది. సైకిల్ సినిమా చివరి సీను తీసిన చోటుకి తీసుకెళ్ళరు. దూరం ఎక్కువని చెప్పారు. సినిమాలో ఆంతోనియో ఫుట్‌బాల్ స్టేడియం బయట పేవ్‌మెంట్ అంచున కూచుని, గుమ్మం పక్కన వదిలేసి ఉన్న ఒక సైకిల్‌ని చూస్తాడు. కొడుకుకి డబ్బులిచ్చి ట్రామ్ ఎక్కి వెళ్ళిపొమ్మంటాడు. పిల్లాడికి ట్రామ్ దొరకదు, వెనక్కి తిరిగేసరికి ఆ సైకిల్ ఎత్తుకుపోతున్న తండ్రిని జనం తరుముతుంటారు. నాన్న అడిగిన బహువచనానికి జవాబు అక్కడుంది. ఆ జవాబు ఉన్న చోటికి వెళ్ళకుండా టూర్ ఎలా ముగిస్తారు?

మేం తినేసి, గంట కూచుని, ఆ చోటు చూడ్డానికి ఫ్లామీనియోకి వెళ్ళి 2 నంబరు ట్రామ్ ఎక్కాం. అప్పటి స్టేడియం ఇప్పుడు లేదు. దాన్ని కూలగొట్టి 1960 ఒలింపిక్స్ కోసం ఇంకోటి కట్టారు, అదీ ఏళ్ళ తరబడి మూతపడి గడ్డి మొలిచి ఉంది. ఏ గుమ్మమో పోల్చుకోవాలని ఫోన్లో సీను పెట్టుకుని రెండు వీధులు తిరిగాం, పోల్చుకోలేకపోయాం. నాన్న అలిసిపోయి పేవ్‌మెంట్ మీద కూచున్నారు. నేనూ కూచున్నాను. "ఆ సైకిల్ వాళ్ళు వాణ్ణి పోలీసులకి అప్పగించకుండా వదిలేశారు కదా, పిల్లాణ్ణి చూసి," అన్నారు కాసేపటికి. "మా ఆఫీసు ముందు ఒకసారి ఒకణ్ణి పట్టుకున్నాం. వాడి వెంట పిల్లాడు లేడు." ఇంకేమీ చెప్పలేదు. ఆ సంగతి నేను ఎప్పుడూ వినలేదు.

వెళ్ళాలా వద్దా అంటే, వెళ్ళండి. 40 యూరోలకి సరిపడా ఉంది. గైడ్ మనసు పెట్టి చెబుతారు, వాదిస్తే వింటారు. రెండు సినిమాలు చూసి వెళ్ళండి, రెండు మెట్రో టికెట్లు కొనుక్కోండి, నీళ్ళ సీసా, మెత్తని బూట్లు తప్పనిసరి. వానైతే టూర్ ఆపరట. ట్రామ్ ఎక్కి ఫ్లామీనియో వైపు మాత్రం మీ అంతట మీరే వెళ్ళాలి.

ఆ రాత్రి నాన్న 'జనరాలె దెల్లా రోవెరె' పెట్టమన్నారు. రెండు గంటలకి పైగా సినిమా. మధ్యలో రెండుసార్లు ఆపి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, పన్నెండు దాటేదాకా చూశారు. డి సికా చేతులు తెర మీద కనిపించినప్పుడల్లా, "అదిగో, మళ్ళీ అదే చెయ్యి" అంటూ.